ఐదుగురు తోడుంటే షోపాన్ కన్సర్టో వాయించవచ్చు

ప్రశ్న: నమస్కారం. మాది విజయవాడ. ఉద్యోగరీత్యా జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఉంటున్నాను. చిన్నప్పుడు పియానో నేర్చుకుని పై గ్రేడుల దాకా వెళ్లాను. ఇంజినీరింగులో చేరాక వదిలేశాను. ఇక్కడికి వచ్చాక ఒక టీచరు దగ్గర మళ్లీ పట్టుదలగా సాధన చేస్తున్నాను. మా పరిచయస్తుల్లో ఇద్దరు వయొలిన్, ఒకరు వయోలా, ఒకరు చెల్లో వాయిస్తారు. వారం వారం కలిసి క్వార్టెట్లు, అంటే నాలుగు వాద్యాల రచనలు, వాయించుకుంటారు. ఈమధ్య డబుల్ బాస్ వాయించే ఆయన కూడా తోడయ్యారు. మేం ఆరుగురం కలిసి పోలాండ్ స్వరకర్త షోపాన్ ఇ మైనర్ పియానో కన్సర్టో (పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచన) నేర్చుకుని, వంద మంది పట్టే చర్చి హాలులో వాయించాలని అనుకుంటున్నాం. అయితే ఒక అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలో హార్న్ వాయించే స్నేహితుడు, ఆర్కెస్ట్రా లేని కన్సర్టో కన్సర్టోనే కాదని, అలా వాయించి టికెట్టు పెట్టడం శ్రోతలను మోసం చేయడమేనని అన్నాడు. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. మేం చేస్తున్నది తప్పా? తప్పు కాకపోతే ఎలా సిద్ధం కావాలి? నాకు బ్రామ్స్ మొదటి కన్సర్టో అంటే ప్రాణం. తర్వాత దాన్ని కూడా ఇలాగే వాయించవచ్చా?

– ఒక పాఠకురాలు, కార్ల్స్‌రూహె

సమాధానం: ముందు మీ స్నేహితుడు గుచ్చిన ముల్లు తీసేద్దామమ్మా. మీరు చేయబోయేది మోసం కాదు. షోపాన్ కన్సర్టోలు పుట్టిన ఇంట్లోనే, రాసిన మనిషి వేళ్ల కిందనే, ఇలాంటి చిన్న బృందంతో మోగాయి.

తన రెండు పియానో కన్సర్టోల్లో ఒకటైన ఎఫ్ మైనర్‌ను షోపాన్ 1830 మార్చి 17న వార్సాలోని నేషనల్ థియేటర్‌లో మొదటిసారి బహిరంగంగా వాయించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండి రెండు వారాలే. దానికి ముందే ఇంట్లో, ఆప్తుల ఎదుట, కొద్దిమంది వాద్యకారులను కూర్చోబెట్టుకుని ఆ కన్సర్టో వాయించి చూసుకున్నాడు. మీరు ఎంచుకున్న ఇ మైనర్ అదే ఏడాది అక్టోబర్ 11న వేదికెక్కింది. దాని విషయంలో మనకు ఆయన మాటే ఉంది. సెప్టెంబర్‌లో స్నేహితుడు టైటస్ వోయిచెహోవ్‌స్కీకి రాసిన ఉత్తరంలో, కన్సర్టోను క్వార్టెట్‌తో కలిసి వాయించి చూశానని, సంతోషంగానే ఉన్నా పూర్తి తృప్తి కలగలేదని చెప్పుకున్నాడు. ఆ తర్వాత ట్రంపెట్లు, టింపనీ (పెద్ద భేరీలు) తప్ప మిగతా ఆర్కెస్ట్రాను ఇంటికి పిలిపించి మళ్లీ వాయించాడు. అంటే క్వార్టెట్, ఇంట్లో పట్టేంత ఆర్కెస్ట్రా, ఆపైన థియేటర్ అని మెట్లు మెట్లుగా వెళ్లాడు. మీరు ఆ మొదటి మెట్టు మీద నిలబడుతున్నారు. ఆ మెట్టు ఆయన కట్టినదే.

ఇది షోపాన్ ఒక్కడి అలవాటు కూడా కాదు. రికార్డులు లేని కాలంలో ఒక కన్సర్టో ఊరూరా వినబడాలంటే ఊరూరా ఆర్కెస్ట్రా ఉండాలి. అది ఎక్కువగా రాజధానుల్లోనూ, రాజాస్థానాల్లోనూ ఉండేది. మిగతా చోట్ల ఇళ్లలో పియానో ఉండేది, నలుగురైదుగురు తీగవాద్యాలు వాయించేవాళ్లు దొరికేవారు. ప్రచురణకర్తలకు ఈ సంగతి బాగా తెలుసు. షోపాన్ కన్సర్టోల తొలి ముద్రణల్లో వయొలిన్, వయోలా, చెల్లో ప్రతులు తెరిచి చూడండి. గాలివాద్యాలు వాయించాల్సిన కొన్ని వరుసలను అక్కడ చిన్న స్వరాక్షరాలతో అచ్చువేశారు. ఓబో లేని ఊళ్లో ఆ వరుసను వయొలిన్ అందుకోవాలని. ఇంకా వెనక్కి వెళితే, మోజార్ట్ 1783లో వియన్నా పత్రికలో ప్రకటన ఇచ్చి మరీ మూడు కన్సర్టోలు అమ్మకానికి పెట్టాడు. గాలివాద్యాలతో కూడిన పెద్ద ఆర్కెస్ట్రాతోనూ వాయించుకోవచ్చు, నాలుగు తీగవాద్యాలతోనూ వాయించుకోవచ్చు అని అందులో రాశాడు.

మీ ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి. మాన్‌హైమ్‌లో చాలాకాలం ఆస్థాన సంగీత నిర్వాహకుడిగా పనిచేసిన విన్‌సెంట్స్ లాఖ్నర్ చివరి దశలో కార్ల్స్‌రూహెలో స్థిరపడి పాఠాలు చెప్పాడు. 1893లో అక్కడే కన్నుమూశాడు. బీథోవెన్ ఐదు పియానో కన్సర్టోలనూ పియానోకూ ఐదు తీగవాద్యాలకూ మలిచింది ఆయనే. ఆయన అన్నగారు ఇగ్నాట్స్ లాఖ్నర్ మోజార్ట్ కన్సర్టోలకు ఇదే సేవ చేశాడు. రెండింటికీ ఇప్పుడు రికార్డింగులు ఉన్నాయి. మీ స్నేహితుడికి వినిపించండి. వాదన కన్నా అది మేలు.

అయితే ఆయన మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. అది షోపాన్‌కు వర్తించదు గాని, మీకు ప్రాణమైన బ్రామ్స్‌కు అక్షరాలా వర్తిస్తుంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎంపిక అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

షోపాన్ కన్సర్టోల్లో ఆర్కెస్ట్రా పియానోతో పోటీ పడదు. కింద పరుచుకుని ఉంటుంది. పాట, దాని గమకాలు, దాని ఆవేశం అన్నీ పియానోలోనే ఉంటాయి. ఆర్కెస్ట్రా శ్రుతినీ నడకనూ నిలబెడుతుంది, అక్కడక్కడ ఒక బదులు పలుకుతుంది. మన కచేరీలో పక్కవాద్యం చేసే పనికి ఇది చాలా దగ్గర. అందుకే షోపాన్ ఆర్కెస్ట్రా చల్లగా, దాదాపు అనవసరంగా ఉంటుందని ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ విసుక్కున్నాడు. ఆ మాట పట్టుకుని తర్వాతి తరంలో కార్ల్ టౌజిగ్ ఇ మైనర్‌కు, కార్ల్ క్లింట్‌వర్త్ ఎఫ్ మైనర్‌కు ఆర్కెస్ట్రా భాగాన్ని చిక్కబరిచి తిరగరాశారు. నా అభిప్రాయం అడిగితే, వాళ్లు జబ్బును తప్పుగా గుర్తించారు. పెద్ద హాలులో యాభై మంది కూర్చుని ఒకే శ్రుతిని సాగదీస్తుంటే అది పలచగా వినిపిస్తుంది, నిజమే. అదే వరుసను ఒక్క వయోలా, ఒక్క చెల్లో పట్టుకుంటే ప్రతి స్వరానికీ ఒక మనిషి గొంతు వస్తుంది. పలుచన అనుకున్నది సన్నిహితం అవుతుంది. ఫుమికో షిరాగా యగ్‌డ్రసిల్ క్వార్టెట్‌తో కలిసి చేసిన రికార్డింగు, యానినా ఫియాల్కోవ్‌స్కా కెనడా వాద్యకారులతో చేసిన రికార్డింగు వినండి. మధ్య భాగాల్లో తీగవాద్యాలు మారే శ్రుతుల అంచులు ఎంత స్పష్టంగా తెలుస్తాయో గమనించండి. పూర్తి ఆర్కెస్ట్రాలో ఆ అంచులు కరిగిపోతాయి.

మీరు అడిగిన బ్రామ్స్ మొదటి కన్సర్టో, అంటే డి మైనర్, తీరు వేరు. టింపనీ దొర్లింపుతో, దాని మీద విరుచుకుపడే తీగవాద్యాలతో మొదలవుతుంది. పియానో వచ్చేసరికే అక్కడ ఒక యుద్ధం నడుస్తూ ఉంటుంది. ఆ బరువు తీసేస్తే పియానో ఎవరితో పోరాడుతున్నట్టు? షూమన్ ఎ మైనర్, గ్రీగ్ కన్సర్టోలకు చిక్కు మరో రకం. అవి బరువైనవి కావు, కానీ షూమన్‌లో క్లారినెట్, ఓబో పియానోతో ముఖాముఖి మాట్లాడతాయి. గ్రీగ్ మధ్య భాగంలో హార్న్ పాట ఉంటుంది. ఆ వాద్యాల రంగే అక్కడ విషయం. వయొలిన్ ఆ మాటలు పలికితే మాటలు మిగులుతాయి, మనిషి మారిపోతాడు. రఖ్మానినొవ్ గురించి చెప్పే పనే లేదు.

ఇక మీ ఎంపిక. ఇ మైనర్ అన్నారు. నా సలహా: దాన్ని పక్కనపెట్టి ఎఫ్ మైనర్ తీసుకోండి.

రెండింటి ప్రతులూ తెరిచి మొదటి భాగం చూడండి. ఇ మైనర్‌లో పియానో 139వ బార్‌లో (బార్ అంటే ఒక తాళావర్తం) ప్రవేశిస్తుంది. అంటే 138 బార్ల పాటు ఆర్కెస్ట్రాయే కథ నడపాలి. నాలుగు హార్న్‌లు, ట్రంపెట్లు, ట్రాంబోన్, టింపనీ ఉన్న గుంపు కోసం రాసిన ఆ ఉపోద్ఘాతాన్ని ఐదుగురు అమెచ్యూర్లు, వంద మంది ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పియానో కళాకారిణి పక్కన వాయించడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఎవరి తప్పూ లేకుండానే హాలు నీరసపడిపోతుంది. కత్తిరించవచ్చు, పాతకాలపు పెద్ద కళాకారులు చాలామంది కత్తిరించారు కూడా. కానీ ఎక్కడ కత్తిరించినా ఇ మైనర్‌లో కుట్టు కనబడుతుంది. ఎఫ్ మైనర్‌లో పియానో 71వ బార్‌లోనే వచ్చేస్తుంది. ఆ 70 బార్లలో మొదటి ఇతివృత్తం తీగవాద్యాల స్వభావానికి చక్కగా సరిపోయేది. రెండో ఇతివృత్తాన్ని ఓబో నుంచి మొదటి వయొలిన్‌కు ఇవ్వవచ్చు. వీలైతే ఒక్క స్వరం కూడా కోయకండి.

ఎఫ్ మైనర్ తీసుకోమనడానికి అసలు కారణం దాని మధ్య భాగం, ఆ లార్గెట్టో. దాని నడుమ ఒక ఘట్టం వస్తుంది. అప్పటిదాకా ఎ ఫ్లాట్ మేజర్‌లో సాగిన ప్రేమగీతం ఆగిపోతుంది. పియానో రెండు చేతులూ ఒకే స్వరాన్ని అష్టకం ఎడంతో పట్టుకుని, ఒపెరాలో గాయని తాళం వదిలి మాటలాడినట్టు ఆవేదనగా పలుకుతుంది. కింద తీగవాద్యాలు ట్రెమోలోతో, అంటే కమానును అతివేగంగా అటూ ఇటూ ఆడించడంతో, కంపిస్తుంటాయి, డబుల్ బాస్ వేలితో తీగ మీటుతుంది. ఇది పూర్తి ఆర్కెస్ట్రాతో బాగుంటుంది. ఐదుగురితో, బాగా చేస్తే, ఒళ్లు గగుర్పొడుస్తుంది. బాగా చేయకపోతే మాత్రం దోమల గుంపులా వినబడుతుంది, ఎందుకంటే పది మంది కలిసి చేసే ట్రెమోలోలో ఎవరి కమాను ఎటు కదులుతోందో తెలియదు. ఒక్కొక్కరే చేసినప్పుడు ప్రతి గీతా వినిపిస్తుంది. మీ నలుగురికీ ఇలా చెప్పండి: కమాను కొసలో వాయించాలి, అంగుళం కూడా కదపకూడదు, తీగను వేళ్ల పలకకు దగ్గరగా తాకాలి, ఒకరి వేగం ఒకరితో కలపాలని ప్రయత్నించకూడదు. కలిపితే అది లెక్క అవుతుంది, కలపకుండా వదిలేస్తే గాలి అవుతుంది. డబుల్ బాస్ ఆయన మీటే స్వరం మాత్రం మీరు విని తీరాలి. మీ పలుకుల విరామాలు ఆయన వేలి మీద ఆధారపడతాయి. ఈ ఒక్క ఘట్టాన్నే విడిగా తీసుకుని, మొదట పియానో లేకుండా, ఆ తర్వాత మీరు పాడుతూ, చివరగా వాయిస్తూ అభ్యాసం చేయండి.

ఆ లార్గెట్టోలోనే, పాట తిరిగి వచ్చాక, బసూన్ అనే గాలివాద్యం మీ స్వరాన్ని అనుకరిస్తూ మీతో జంటగా సాగుతుంది. ఆ వరుసను చెల్లోకు ఇవ్వండి. చెల్లో పై స్థాయిలో, కాస్త గొంతు నొక్కుకుని పాడినప్పుడు బసూన్ లేని లోటు దాదాపు తెలియదు. ఇక్కడే మీ డబుల్ బాస్ ఎంత అదృష్టమో అర్థమవుతుంది. చాలా మంది నాలుగు తీగవాద్యాలతోనే ఈ పని చేస్తారు. అప్పుడు చెల్లో అడుగున నేల కాపలా కాయాలి, పాటకు పైకి రాలేదు. అడుగును బాస్ పట్టుకుంటే చెల్లోకు స్వేచ్ఛ వస్తుంది, వయోలాకు కూడా వస్తుంది. మీ బృందం సరిగ్గా అయిదుగురే కావడం వల్ల అమరిక సగం కష్టం తప్పింది.

చివరి భాగంలో ఒక చోట తీగవాద్యాలు కమాను వెనక్కి తిప్పి, వెంట్రుకలతో కాకుండా కర్రతో తీగలను తట్టాలి. పల్లె నాట్యం నడక అది. పెద్ద ఆర్కెస్ట్రాలో కొందరు గట్టిగా తడతారు, కొందరు తట్టినట్టు నటిస్తారు, మొత్తం మీద ఏదో గరగరమంటుంది. మీ ఐదుగురిదీ పుల్ల విరిచినట్టు స్పష్టంగా వస్తుంది. మీ వాళ్లు తమ మంచి కమానులతో ఆ పని చేయడానికి ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా, కర్ర పూత చెడిపోతుంది. ప్రతి ఒక్కరూ ఒక చవక కమానును పక్కన పెట్టుకోవాలి. మార్చుకోవడానికి ఎన్ని బార్ల వ్యవధి ఉందో ముందే చూసుకోండి. రిహార్సల్లో సజావుగా జరిగి, హాలులో కమాను కిందపడే ప్రమాదం ఇక్కడే.

ఆ తర్వాత వచ్చేది హార్న్ పిలుపు. ఒక్కటే హార్న్, పిలుపులా ఒక మాట పలుకుతుంది, ఎఫ్ మైనర్ అక్కడ ఎఫ్ మేజర్‌గా వెలుగులోకి వస్తుంది, ఇక చివరిదాకా పియానో పరుగే పరుగు. సాధారణంగా ఈ పిలుపును వయోలాకు ఇస్తారు. వయోలా అయితే వైబ్రేటో (స్వరాన్ని వేలితో వణికించడం) లేకుండా, నిండు కమానుతో, నిటారుగా వాయించాలి. హార్న్‌ను అనుకరించబోతే తేలిపోతుంది. కానీ మీకు హార్న్ వాయించే స్నేహితుడు ఉన్నాడు కదా! ఆయన్ను పిలవండి. ఆ ఒక్క పిలుపు కోసం హాలు వెనక తలుపు దగ్గర నిలబడి వాయించమనండి. ఇది కోపతాపాలు తీర్చుకోవడానికి చెబుతున్నది కాదు, ఆ చోట నిజమైన హార్న్ ఉంటే నిజంగా బాగుంటుంది. ఆయన రానంటే వయోలాతో నిశ్చింతగా వాయించండి.

ఇంతవరకు తీగవాద్యాల సంగతి చెప్పాను. అసలు మారవలసింది మీరు.

కన్సర్టో నేర్చుకునేవాళ్లకు టీచర్లు ఒక ధ్వని అలవాటు చేస్తారు. ఆర్కెస్ట్రా మీదుగా వినబడాలి కాబట్టి భుజం నుంచి బరువు దింపి, ప్రతి స్వరాన్నీ హాలు చివరి వరుస దాకా విసరడం. మీ హాలులో ఆ ధ్వని పనికిరాదు. నేటి గ్రాండ్ పియానో ఇనుప చట్రం మీద తీగల బిగువు మొత్తం సుమారు 20 టన్నులు ఉంటుంది. షోపాన్ పారిస్‌లో ఇష్టపడిన ప్లేయెల్ పియానోలకు ఏకఖండంగా పోతపోసిన ఇనుప చట్రమే లేదు, తీగలు ఒకదాని మీదుగా ఒకటి కాకుండా సమాంతరంగా ఉండేవి, ధ్వని పలచగా, త్వరగా ఆరిపోయేది. వార్సాలో 1830 మార్చి 17న తన సొంత పియానో మీద వాయిస్తే వెనక కూర్చున్నవాళ్లకు సరిగా వినబడలేదని ఫిర్యాదులు వచ్చాయి. 22న రెండో కచేరీకి మరింత గట్టిగా పలికే వియన్నా పియానో తెచ్చుకున్నాడు. మెల్లగా వాయించడం ఆయన స్వభావం, దాన్ని మార్చుకోవడానికి ఇష్టపడలేదు. మీకు వచ్చిన హాలు, మీ బృందం రెండూ ఆ స్వభావానికి అనుకూలమైనవి.

పియానో మూత మూసేయమని ఎవరైనా చెబుతారు. వినకండి. మూత తగ్గిస్తే ధ్వని కాస్త తగ్గినా, మసకబారుతుంది. తెరిచే ఉంచి, మీరు తక్కువ బరువుతో వాయించండి. ఎడమ పెడల్‌ను నిరంతరం తొక్కి ఉంచే పని కూడా వద్దు. అది రంగు మార్చడానికి ఉంది, శబ్దం తగ్గించడానికి కాదు. కుడి పెడల్ మాత్రం టీచరు నేర్పిన దానికన్నా సగం చాలు. కింద చెల్లో, బాస్ పొడుగు స్వరాలను పట్టుకునే ఉన్నాయి కదా.

ఇక నడక. షోపాన్ తన శిష్యులకు ఎడమ చెయ్యి కపెల్‌మైస్టర్ అని, అంటే వాద్యబృందాన్ని నడిపించేవాడని చెప్పేవాడట. కుడి చెయ్యి ఎంత తూగినా, ఆగినా, పరిగెత్తినా ఎడమ చెయ్యి తాళం తప్పకూడదు. ఆయన రుబాటో, అంటే తాళం మీద పాట స్వేచ్ఛగా తూగే తీరు, దాని రహస్యం అదే. మీ ఐదుగురు వాద్యకారులు ఆ ఎడమ చేతి పొడిగింపు. వాళ్లను మీ తూగు వెంట పరిగెత్తించకండి. మొదటి వయొలిన్‌కు ఒక స్థిరమైన నడక ఇవ్వండి. దాని మీద మీరు స్వేచ్ఛగా కదలండి, వాక్యం చివర మళ్లీ వచ్చి కలవండి. పియానో నేర్చుకున్నవాళ్లకు ఇది మొదట భయంగా ఉంటుంది, వాద్యబృందం తన వెంట నడవాలనేది వాళ్లకు అలవాటు కాబట్టి. ఇక్కడ నిర్వాహకుడు ఉండడు. కూర్చోవడంలో కూడా దీనికి ఏర్పాటు చేయండి: తీగవాద్యాలను పియానో ముందు అర్ధవృత్తంగా, శ్రోతల వైపు తెరిచి కూర్చోబెట్టండి. మొదటి వయొలిన్ కమాను చెయ్యి మీ స్టాండు మీదుగా కనబడాలి. డబుల్ బాస్‌ను చెల్లో వెనక, పియానో తోక దగ్గర నిలబెట్టండి. అడుగు స్వరాలన్నీ ఒక్క చోట నుంచి వస్తే శ్రుతి కూడా దానంతట అదే సర్దుకుంటుంది.

శ్రుతి అనగానే ఒక చిన్న విషయం, చాలామంది పట్టించుకోనిది. తీగవాద్యాలవాళ్లు పియానో నుంచి ‘ఎ’ తీసుకుని మిగతా తీగలను చెవితో శుద్ధ పంచమాలుగా కలుపుకుంటారు. పియానోలోని పంచమాలు శుద్ధ పంచమాలకన్నా రెండేసి సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) చిన్నవి. ‘ఎ’ నుంచి ‘సి’ తీగ దాకా మూడు మెట్లు దిగేసరికి చెల్లో, వయోలాల ‘సి’ పియానో ‘సి’ కన్నా ఆరు సెంట్లు కిందకు వస్తుంది. ఎఫ్ మైనర్‌లో ‘సి’ మాటిమాటికీ తగిలే పంచమం. ముప్పై మంది మధ్య ఆ తేడా కలిసిపోతుంది, ఒక్క చెల్లోకు అది బయటపడుతుంది. కాబట్టి ‘ఎ’ ఇచ్చాక ‘సి’ కూడా పియానో నుంచి వాళ్లకు వినిపించి, అక్కడికి చేర్చమనండి.

కచేరీ క్రమం గురించి ఒక స్వాతంత్ర్యం మీకు ఉంది, వాడుకోండి. కన్సర్టో మూడు భాగాలూ ఏకబిగిన వాయించి తీరాలనే పట్టింపు తర్వాతి కాలానిది. వార్సాలో ఎఫ్ మైనర్ మొదటి కచేరీలో, మొదటి భాగం అయ్యాక ఒక హార్న్ కళాకారుడు వచ్చి తన సొంత రచన వాయించాడు. ఆ తర్వాతే షోపాన్ మిగతా రెండు భాగాలు వాయించాడు. ఇ మైనర్‌కు మధ్యలో ఒక గాయని పాట వచ్చింది. మీ ఐదుగురు అమెచ్యూర్లు మొదటి భాగం తర్వాత అలిసిపోతారు. మధ్యలో క్వార్టెట్‌తో ఒక చిన్న రచన పెట్టి, మీరు లేచి వెళ్లి కాసేపు కూర్చోండి. లార్గెట్టోకు తాజాగా వస్తారు.

కరపత్రంలో మాత్రం దాపరికం వద్దు. ‘పియానోకూ ఐదు తీగవాద్యాలకూ అమర్చినది’ అని పేరు కిందనే, అదే పరిమాణం అక్షరాలతో అచ్చువేయించండి, అమర్చినవారి పేరు రాయండి. టికెట్టు కొన్నవాళ్లకు ఇవ్వవలసిన నిజాయతీ అంతే, అది చాలు. షోపాన్ రచనకు హక్కుల గొడవ లేదు గాని, ఈ కాలంలో ఎవరైనా చేసిన అమరిక వాడితే దానికి హక్కులు ఉంటాయి. ప్రతులు కొనండి, ఫొటోకాపీలతో నడిపించకండి, జర్మనీలో సంగీత హక్కులు చూసే గెమా సంస్థకు ముందే తెలియజేయండి. మీరే పాత తీగవాద్యాల ప్రతులతో, ఆ చిన్న అక్షరాల వరుసలు పంచుకుని, సొంతంగా అమర్చుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఎవరి వరుస ఎందుకు ఎవరికి వెళ్లిందో ఆరుగురికీ తెలుస్తుంది. నాకు ఆ దారే ఇష్టం.

ఎఫ్ మైనర్ చేతికి పెద్దదనిపిస్తే, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు, క్లారా షూమన్ ఎ మైనర్ కన్సర్టో చూడండి. పెళ్లికి ముందు, క్లారా వీక్‌గా, 1835 నవంబర్‌లో లైప్‌జిగ్‌లో మెండెల్సన్ నిర్వహణలో ఆమె దాన్ని వాయించింది. అప్పటికి పదహారేళ్లు. దాని మధ్య భాగం, ఆ రొమాంజ్, అసలు రచనలోనే పియానో, ఒక్క చెల్లో మధ్య సంభాషణ. చివర్లో టింపనీ మెల్లగా వచ్చేదాకా ఆర్కెస్ట్రా మౌనంగా ఉంటుంది. అందులో మీరు అమర్చవలసింది ఏమీ లేదు. మీ చెల్లో స్నేహితుడు జీవితాంతం మీకు రుణపడి ఉంటాడు. మెండెల్సన్ పిల్లవాడిగా 1822లో తీగవాద్యాలకు మాత్రమే రాసిన ఎ మైనర్ కన్సర్టో కూడా ఉంది, కానీ రొమాంటిక్ హృదయం కావాలంటే క్లారాదే.

మీరు ఆరుగురూ ఒకరి ఊపిరి ఒకరు వినడానికి అలవాటు పడేదాకా కన్సర్టో తెరవకండి. ముందు షూబర్ట్ ‘ట్రౌట్’ క్వింటెట్ వాయించండి. పియానో, వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్ కోసం రాసినది, మీ రెండో వయొలిన్ ఒక్కరు కూర్చుని వింటూ, ఎవరు ఎవరిని ముంచేస్తున్నారో చెప్పవచ్చు. ఆ పాత్రను ఇద్దరు వయొలిన్లూ మార్చుకుంటూ చేయాలి.

బ్రామ్స్ డి మైనర్ సంగతి. దాన్ని ఐదుగురితో చేయకండి, ఎంత ప్రేమ ఉన్నా. ఆ రచన 1854లో రెండు పియానోల సొనాటాగా మొదలైంది. కాబట్టి మరో పియానో కళాకారుడు దొరికితే ఇంట్లో రెండు పియానోల మీద వాయించుకోవచ్చు, అది దాని పుట్టుకకు దగ్గరగానే ఉంటుంది. వేదిక మీద ఆ ఆకలి తీరాలంటే ఆయన ఎఫ్ మైనర్ పియానో క్వింటెట్ ఉంది. అది కూడా మొదట తీగవాద్యాల క్వింటెట్‌గా, తర్వాత రెండు పియానోల సొనాటాగా నడిచి, చివరకు పియానో, నాలుగు తీగవాద్యాలతో కుదురుకున్న రచన. ఆ కన్సర్టోలో మిమ్మల్ని పట్టుకున్న చీకటీ ఉధృతీ అందులోనూ ఉన్నాయి, ఒక్క వాద్యాన్ని కూడా తీసేయకుండా. ప్రతులు ఇప్పుడే తెప్పించి మీ క్వార్టెట్ వాళ్ల చేతిలో పెట్టండి, వేళ్లు కుదరడానికి వాళ్లకు చాలా నెలలు కావాలి.